ఒడ్డున పుట్టినవాళ్లు

"మొగుణ్ణి పస్తు పంపినదానివి, ఇప్పుడు జావ కాచి ఎవర్ని ఉద్ధరిద్దామని?"

వంటగది గుమ్మంలో చతికిలబడి అత్తగారు పొద్దున్నుంచీ అదే పాట. పొయ్యి మీద జావ పొంగి అంచుల మీంచి కారుతోంది. చిన్నకోడలికి అది కనపడుతున్నట్టు లేదు. పెద్దకోడలే తోముతున్న గిన్నె వదిలేసి వెళ్లి మంట తగ్గించింది.

మొన్న మధ్యాహ్నం పడవల షెడ్డులో పడిపోయిన దగ్గర్నుంచీ చేపపిల్ల ఆసుపత్రి మంచం మీద సరిగ్గా కళ్లు తెరవలేదు. ఇంటికి చిన్నకొడుకు. నడక రాకముందే నీళ్లలో తేలాడని తల్లి మురిసిపోయి పెట్టుకున్న పేరు అది. మీసాలు వచ్చినా, పెళ్లయినా ఆ పేరు వదల్లేదు. వీధిలో సగం మందికి అతని అసలు పేరే తెలియదు.

"పొద్దున్నే తగువు పెట్టుకున్నావు. వాడు ముద్ద ముట్టకుండా వెళ్లాడు. ఖాళీ కడుపున కళ్లు తిరిగి నిచ్చెన మీంచి పడ్డాడు. నా పెద్దకొడుకు కళ్లారా చూసి చెప్పిన మాట. అబద్ధమంటావా?"

"తగువు కాదత్తయ్యా," అంది చిన్నకోడలు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "రాత్రంతా పిక్కలు పట్టేసి మంచం మీద మెలికలు తిరిగారు. ఒంటికి వెళ్తే డికాషన్ రంగులో వస్తోందన్నారు. ఈ ఒక్కరోజూ పనికి పోవద్దన్నాను. దాన్ని తగువంటారా?"

"పిక్కలు పట్టనివాడెవడే మగాళ్లలో? మీది మెట్టప్రాంతం. అక్కడ ఎండకి కాకులు రాలిపోతాయేమో. ఇక్కడ సముద్రం ఉంది, గాలి ఉంది. ఈ ఒడ్డున పుట్టినవాడికి వడదెబ్బ తగలడం నేను పుట్టి బుద్ధెరిగి చూళ్లేదు."

ఆ మాట ఆవిడ ఒక్కతే అనదు. ఆ వీధి మొత్తం అంటుంది. ఎండ ఒడ్డువాళ్లకి చుట్టం. చెమట ఎంత పడితే ఒంటికి అంత మంచిది, లోపలి విషమంతా పోతుంది. పని మధ్యలో చన్నీళ్లు తాగితే ఒళ్లు పట్టేస్తుంది. ఉప్పుగాలి పీల్చినవాడి గుండె ఇనుము. ఉగ్గుపాలతో పాటు పోసిన మాటలివి. వీటిని ఎవరూ అనుమానించలేదు, ఎవరికీ తీరికా లేదు.

"ఇనుమైతే మరీ భయం కదా అత్తయ్యా, ఈ గాలికి మన కిటికీ ఊచలే ఏడాది తిరక్కుండా తుప్పుపట్టి రాలిపోతున్నాయి," అని కాపరానికి వచ్చిన కొత్తలో చిన్నకోడలు అంటే ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది చేపపిల్లే.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆ పిల్ల తోటికోడల్ని అడిగింది. "ఇక్కడ చెమట ఆరదేంటక్కా? మా ఊళ్లో ఎండ మాడుస్తుంది గానీ చెమట పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. ఇక్కడ ఒంటి మీదే కూర్చుంటుంది, లేవమన్నా లేవదు." పెద్దకోడలు నవ్వి, "అలవాటైపోతుందిలే చెల్లీ," అంది. తనకీ ఎవరో అలాగే చెప్పారు.

"నువ్వు చెప్పవే పెద్దదానా," అని అత్తగారు ఇటు తిరిగింది. "నోట్లో నాలుక లేనట్టు అలా తోముతూ కూర్చుంటావేం? ఇది వాణ్ణి పస్తు పంపిందా, లేదా?"

గిన్నె ఎప్పుడో తెల్లబడింది. పెద్దకోడలు ఇంకా తోముతూనే ఉంది.

"జావ చల్లారిపోతుంది," అంది చివరికి. "బయల్దేరదాం పదండి."

చిన్నకోడలు తలెత్తి ఆమెకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఒక ఆశ ఏదో ఉంది. దానికంటే కోపమే నయమనిపించింది పెద్దకోడలికి.

ఆసుపత్రికి నడుస్తున్నంతసేపూ మొన్నటి మధ్యాహ్నమే కళ్లలో మెదులుతోంది. ఆ రోజు షెడ్డుకి క్యారేజీ పట్టుకెళ్లింది తనే. ఒడ్డుకి లాగి దుంగల మీద నిలబెట్టిన పెద్ద చెక్క పడవ. దాని పొట్టలోకి దిగి, గోడలకి పేరుకున్న పాత తారు గీకాలి. మనిషి వంగి పట్టేంత కంత ఒక్కటే, లోపలికైనా బయటికైనా. చేపపిల్ల ఆ కంతలోంచి పైకొచ్చి, నిచ్చెన దిగి, తన పక్కనే కూర్చుని క్యారేజీ తిన్నాడు. మొత్తం తిన్నాడు. తిన్న కాసేపటికే పడవ చాటుకి వెళ్లి అంతా కక్కుకున్నాడు.

"అన్నయ్యా, ఇవాళ్టికి చాలు. లోపల ఊపిరాడట్లేదు," అన్నాడు.

ఆ షెడ్డుకి మేస్త్రీ ఆమె భర్తే. అతను నవ్వాడు. "చేపపిల్లకి నీళ్లంటే భయమట! రేపు పొద్దున యజమాని వస్తున్నాడ్రా. పడవ నీళ్లలోకి దిగాలి. చెమట పడుతున్నంతసేపూ మనిషికేం కాదు."

"చెమట పట్టట్లేదన్నయ్యా."

చేపపిల్ల అన్న ఆ మాట ఆమె స్పష్టంగా వింది. పొడిగా ఉన్న అతని నుదురూ చూసింది. ఎర్రగా, కాల్చిన ఇటుకలా ఉంది. మేస్త్రీ ఇంకా ఏదో కసురుకోబోతుంటే, అన్నదమ్ములు మాటా మాటా అనుకుంటారేమోనని మధ్యలో దూరింది. "వెళ్లు నాయనా. ఇంకాస్తేగా, ఓర్చుకో. సాయంత్రం తొందరగా వచ్చేద్దువుగాని."

వదిన మాట అతను ఎన్నడూ తీసెయ్యలేదు. లేచి నిచ్చెన ఎక్కాడు.

ఆమె ఖాళీ క్యారేజీ పట్టుకుని ఇంటికొచ్చేసింది.

*

వార్డులో పంకాలు తిరుగుతున్నాయి గానీ గాలి కదలట్లేదు. మేస్త్రీ అప్పటికే వచ్చి తమ్ముడి కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. దుప్పటి ముడతలు సరిచేస్తున్నాడు, మళ్లీ చెదరగొడుతున్నాడు, మళ్లీ సరిచేస్తున్నాడు.

డాక్టరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, మాట కటువు.

"ఆ వేళ ఇతని దగ్గరున్నది ఎవరు?"

"నేనేనండీ. అన్నని. అక్కడ మేస్త్రీని కూడా."

"పడవ లోపల ఎంతసేపు ఉన్నాడు?"

"ఎంతోసేపు లేడండీ. పొద్దున్న తినలేదు. నీరసంతో నిచ్చెన మీంచి పడ్డాడు."

"పడ్డవాడికి దెబ్బ తగలాలిగా? ఒంటి మీద గీరు కూడా లేదే."

మేస్త్రీ తన చెప్పులకేసి చూసుకున్నాడు.

"తెచ్చేసరికి ఒళ్లు పెనంలా కాలిపోతోంది," అంది ఆవిడ. "ఒంట్లో కండ కరిగి మూత్రపిండాల్లో అడ్డం పడుతోంది. మొన్న ఒక్కరోజుతో ఇంత దాకా రాదు. చాన్నాళ్లుగా దెబ్బ తింటున్నాయి. మూత్రం సరిగ్గా రావడం లేదు. ఇలాగే ఉంటే మిషను పెట్టి రక్తం శుభ్రం చెయ్యాలి. అప్పటికీ ఏమవుతుందో చెప్పలేను."

"మేం ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లమండీ. ఎండ మాకు అలవాటే. పైగా సముద్రపు గాలి..."

"గాలి ఒడ్డున ఉంటుంది. పడవ పొట్టలో ఉంటుందా? ఈ తడి ఉక్కకి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఎండకి చుట్టరికాలు తెలియవయ్యా, ఎక్కడ పుట్టావని అడిగి కొట్టదు." ఆవిడ అందరి ముఖాలూ ఒకసారి చూసింది. "తిన్నాడా, కక్కుకున్నాడా, ఎంతసేపు లోపలున్నాడు, ఎప్పట్నుంచి బాధ పడుతున్నాడు? ఇవి నాకు తెలియాలి. గుడ్డిగా మందెయ్యలేను. గుర్తొస్తే వచ్చి చెప్పండి."

ఆవిడ వెళ్లిపోయింది. పక్క మంచం మీద ముసలాయన దగ్గుతూ ఉన్నాడు.

"ఒక్కసారి ఇటు రండి," అని పెద్దకోడలు భర్తని వరండాలోకి పిలిచింది.

"డాక్టరమ్మకైనా నిజం చెప్పండి. పరువు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు."

"ఏం నిజం?"

"నన్నడుగుతారా?"

మేస్త్రీ పళ్లు బిగించాడు. "తమ్ముణ్ణి లోపలికి తోసి చంపాడంటారు. అది నిజమా? చెప్పు. పసివాడప్పుడు వాణ్ణి భుజాన మోసింది నేను. నాన్న పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది నేను. నాకు బాధ లేదంటావా?"

"లేదన్లేదు."

"ముప్ఫై ఏళ్లుగా అవే పడవల్లో దిగాను. నేను చచ్చానా? నాకు కాంది వాడికెందుకైంది? దాని నోటి వల్లే. రాత్రంతా వాణ్ణి నిద్రపోనివ్వలేదు."

"ఆ పిల్లనెందుకు మధ్యలోకి లాగుతారు?"

"లాగకపోతే నన్ను లాగుతారు!" గొంతు పెరిగిందని తనకే తెలిసి తగ్గించాడు. "నిన్నట్నుంచి పనివాళ్లు ఒక్కడూ షెడ్డుకి రావట్లేదు. ఏదో వాసన పట్టారు. నువ్వు కూడా నోరు విప్పావంటే..."

అతను మాట పూర్తి చెయ్యలేదు. ఇన్నేళ్ల కాపరంలో అతను పూర్తి చెయ్యని మాటలే ఆమెని ఎక్కువ భయపెట్టాయి.

"బావగారూ! అక్కా!" అని లోపల్నుంచి చిన్నకోడలి కేక. "కళ్లు తెరిచారు!"

చేపపిల్ల ముఖం ఉబ్బి ఉంది. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. చిన్నకోడలు చెంచాతో జావ పట్టబోతే తల అటు తిప్పుకున్నాడు. అందర్నీ ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చి అన్న దగ్గర ఆగాడు.

"ఏరా," అన్నాడు మేస్త్రీ. "ఏమైందో గుర్తుందా?"

చేపపిల్ల చాలాసేపు అన్ననే చూశాడు. అన్న మళ్లీ దుప్పటి ముడతలు సరిచేస్తున్నాడు. దాన్ని కూడా చూశాడు.

"పొద్దున్న... తినకుండా వెళ్లానన్నయ్యా," అన్నాడు. "కళ్లు తిరిగాయి. తప్పు నాదే."

"విన్నావా!" అంది అత్తగారు. "ఇప్పుడేమంటావే? వాడి నోటితోనే చెప్పాడు!"

చిన్నకోడలు చెంచా గిన్నెలో పెట్టింది. గిన్నె బల్ల మీద పెట్టింది. ఆమె ముఖంలో ఉన్న రక్తమంతా ఎటో పోయింది. ఇంటివాళ్లందరూ ఒక మాట మీద ఉన్నా భర్త తన వైపు ఉన్నాడనుకుంది ఆ పిల్ల. ఇప్పుడు అతనూ అటే వెళ్లి కూర్చున్నాడు.

"మీరు చెప్తే నమ్మాలి మరి," అంది మెల్లగా, భర్తకేసి చూస్తూ. "నేనే పంపానేమో పస్తు. నాకే మతిపోయిందేమో." కొంగుతో ముఖం తుడుచుకుని గోడకి జేరబడింది. ఇంక ఏడవలేదు.

ఏడ్చి ఉంటే పెద్దకోడలు ఆ రోజుకి కూడా ఊరుకునేదేమో.

"తిన్నాడు," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"మధ్యాహ్నం నా ఎదురుగానే తిన్నాడు. క్యారేజీ ఖాళీ చేశాడు. తిన్నదంతా కక్కుకున్నాడు. లోపల ఊపిరాడట్లేదు, చెమట కూడా పట్టట్లేదు అన్నాడు. పొమ్మన్నారు, మళ్లీ దిగాడు. నిచ్చెన మీంచి పళ్లేదు. లోపలే పడిపోయుంటాడు."

"ఎవరే పొమ్మన్నది?" అత్తగారి గొంతు సన్నబడిపోయింది.

పెద్దకోడలు భర్తకేసి చూడలేదు. "ఆయన పొమ్మన్నారు. వాడు మొరాయిస్తుంటే నేనూ పొమ్మన్నాను. ఇంకాస్త ఓర్చుకోమన్నాను. ఆయన మాటకి కాదు, నా మాటకి లేచాడు."

"వదినా," అన్నాడు చేపపిల్ల కళ్లు మూసుకుని. "ఎందుకు చెప్పావొదినా? అన్నయ్య ఎలా తిరుగుతాడు ఇంక నలుగురిలో?"

అత్తగారు పెద్దకొడుకు చొక్కా పట్టుకుంది. "నిజమేనట్రా? చెప్పు. అబద్ధమని ఒక్క ముక్క చెప్పు, నేను నమ్ముతాను."

మేస్త్రీ తమ్ముడికేసి చూశాడు.

ఆవిడ చొక్కా వదిలేసింది. మంచం అంచున కూర్చుని చిన్నవాడి పాదాలు ఒళ్లో పెట్టుకుంది. తన ఒంట్లోంచి వచ్చిన రెండు ప్రాణాల్లో దేన్ని ఓదార్చాలో, దేన్ని తిట్టాలో తెలియని తల్లి ముఖం అది.

చిన్నకోడలు గోడ దగ్గర్నుంచి కదిలొచ్చింది. తోటికోడలికి ఎదురుగా నిలబడింది.

"నువ్వు కూడా పొమ్మన్నావా అక్కా?"

"అన్నాను."

"రెండ్రోజుల్నుంచి నన్ను తిడుతుంటే గిన్నెలు తోముతూ కూర్చున్నావు."

"కూర్చున్నాను."

"ఆయనకేమైనా అయితే..." ఆ పిల్ల మాట మింగేసింది. "డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. అంతా మళ్లీ చెప్పు, ఒక్క ముక్క వదలకుండా చెప్పు. ఆ తరవాత నా కళ్ల ముందు ఉండకు."

పెద్దకోడలు మళ్లీ చెప్పింది. ఈసారి డాక్టరమ్మ ముందు. ఆవిడ తిట్టలేదు, జాలి పడలేదు. "ముందే చెప్పాల్సిందమ్మా," అని మాత్రం అని నర్సుని పిలిచి మిషను గది ఖాళీగా ఉందేమో చూడమంది.

వాళ్లు తిరిగొచ్చేసరికి మేస్త్రీ వార్డులో లేడు.

"షెడ్డుకి పోయాడు," అంది అత్తగారు నేలకేసి చూస్తూ. "ఆ పడవ మిగతాది నేనే గీకుతానన్నాడు. ఎండ మనిషిని చంపేదైతే నన్నెప్పుడో చంపేసుండేది, ఇవాళ తేల్చుకుంటానన్నాడు. వద్దురా అన్నాను." ఆవిడ తల ఎత్తింది. "వెళ్లవే. ఇంకో కొడుకుని కూడా ఈ మంచాల మీద చూడలేను. వెళ్లి ఆపు వాణ్ణి."

*

బయట మిట్టమధ్యాహ్నం. ఆకాశం తెల్లగా మెరుస్తోంది, కళ్లలో సూదులు గుచ్చినట్టు. సముద్రం మీంచి గాలి మాత్రం హాయిగా వీస్తోంది. పెద్దకోడలి కొంగు ఎగిరిపోతోంది. షెడ్డుకి ఎదురుగా ఉన్న టీకొట్టు నీడలో పనివాళ్లు కూర్చుని ఉన్నారు. ఆమెని చూసి చూపులు తిప్పుకున్నారు.

"ఏం గాలి తల్లీ!" అన్నాడు టీకొట్టు ముసలాయన పలకరింపుగా. "ఈ గాలే లేకపోతే మనందరం ఏమైపోదుం?"

ఆమె ఆగలేదు. పడవ దగ్గర ఎవరూ లేరు. నిచ్చెన కింద మేస్త్రీ చెప్పులు. లోపల్నుంచి గీకుతున్న చప్పుడేమీ రావడం లేదు.

పడవ ఎక్కడం ఆమె ఎరగని పని. చీర ఎగదోపుకుని నిచ్చెన ఎక్కింది. కంతలోకి తొంగి చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు. "ఏమండీ!" అంది. జవాబు లేదు. లోపలికి దిగింది.

మొదట ముఖానికి తగిలింది వాసన. తారు, కుళ్లిన చేపలు, మనుషుల చెమట. తరవాత వేడి. అది ఎటునుంచో వచ్చి తగిలే వేడి కాదు, నీళ్లలో మునిగినట్టు అందులో మునగాలి. గుక్క తిప్పుకుందామంటే లోపలికి వచ్చింది కూడా అదే. ఇక్కడికా తను ఆ పిల్లాణ్ణి ఓర్చుకోమని పంపింది!

కళ్లు చీకటికి అలవాటు పడ్డాక మేస్త్రీ కనిపించాడు. గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. గీకే రేకు ఒళ్లో ఉంది.

"గాలి లేదే ఇక్కడ," అన్నాడు, ఆ సంగతి అప్పుడే కనిపెట్టినవాడిలా.

"లేవండి. పైకి పోదాం."

"లేవలేను. పిక్కలు పట్టేశాయి."

"ఇప్పుడేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "ఎప్పట్నుంచో. రాత్రిళ్లు నువ్వు నిద్రపోయాక లేచి తిరుగుతుంటాను. డికాషన్ రంగు నాకూ... నాకే ముందొచ్చింది. ఎవరికి చెప్పను? మేస్త్రీని." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "పోతుందిలే అనుకున్నాను. వాడికీ పోతుందనుకున్నాను."

ఆమె అతని చంకల కింద చేతులు వేసి లాగింది. బస్తాలా కదిలి మళ్లీ జారిపోయాడు. రెండోసారి లాగితే నొప్పికి కేక పెట్టాడు. మూడోసారికి ఆమె కళ్ల ముందే చుక్కలు తిరిగాయి.

"కళ్లు మూయకండి," అంది. "నన్నే చూస్తూ ఉండండి. ఇప్పుడే వస్తాను."

పడుతూ లేస్తూ కంతలోంచి పైకొచ్చింది. గాలి ముఖాన కొట్టింది. పడవ అంచు పట్టుకుని రోడ్డు కేసి తిరిగి ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

"రండయ్యా! తొందరగా రండి!"

టీకొట్టు నీడలో తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. పడవ మీద నిలబడి తమని రమ్మని చేతులూపుతున్న మేస్త్రీ పెళ్లాం వాళ్లకి కనపడుతూనే ఉంది. ఆ పడవ మీంచి 'రండి, తొందరగా రండి' అన్న కేక వాళ్లు రోజూ మేస్త్రీ నోట విన్నదే. పడవ పొట్టలోకి దిగి తారు గీకడానికే పిలుస్తారని వాళ్లకి తెలుసు.

ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. ఒక్కడూ లేవలేదు.